ధరలు, వరి, మీథేన్: యాసంగికి నాన్నకు ఏం చెప్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలనెలా సరుకుల బిల్లు చూస్తే టెన్షన్. జగిత్యాల దగ్గర ఊళ్లో నాన్నగారికి బోరు కింద నాలుగెకరాల వరి. వరి పొలాల నుంచి మీథేన్ వస్తుందని, భూమి వేడెక్కడానికి అదీ ఒక కారణమని చదివారు. అందరూ వరి తగ్గిస్తే బియ్యం ధర మండిపోదా, తిండికి మళ్లీ పరాయి దేశాల వైపు చూడాల్సి రాదా, ఈ యాసంగికి నాన్నకు ఏం చెప్పాలి అని అడిగారు.

నేను వ్యవసాయ శాస్త్రవేత్తగా ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మొదట మార్టేరులో వరి మీద, తర్వాత కదిరిలో వేరుశనగ మీద, చివరి పదేళ్లు మీ జగిత్యాల దగ్గర పొలాసలో. మీరు మూడు విడివిడి ప్రశ్నలు అడిగానని అనుకుంటున్నారు. నా అనుభవంలో మూడింటికీ మూలం ఒక్కటే. మనం తినేదాంట్లో ఒక్క బియ్యాన్నే మిగిలిపోయేంతగా పండిస్తున్నాం, నూనె, పప్పు చాలినంత పండించడం లేదు.

ముందు ఇంటి ఖర్చు చూద్దాం. మీ బిల్లును పెంచుతున్నది బియ్యం కాదు. 2023–24లో కేంద్రం చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పల్లెల్లో కుటుంబం పెట్టే మొత్తం ఖర్చులో తిండికి పోయేది 47 శాతం, పట్టణాల్లో 40 శాతానికి కాస్త తక్కువ. అందులో బియ్యం, గోధుమలు, జొన్నలు, అన్ని ధాన్యాలూ కలిపితే పల్లెల్లో సుమారు 5 శాతం, పట్టణాల్లో 4 శాతం లోపే. 2011–12లో పల్లెల్లో ఇదే వాటా 11 శాతం దాకా ఉండేది. రేషన్ బియ్యం ఉచితంగా అందడం ఇందుకు ఒక కారణం. జనం పాలు, గుడ్లు, కూరగాయలు, పండ్లు, బయట తిండి ఎక్కువ తీసుకోవడం ఇంకో కారణం. మీ పచారీ చీటీ తీసి చూడండి. బియ్యం బస్తా ధర రెండేళ్లలో ఎంత మారింది, నూనె ప్యాకెట్, కందిపప్పు, మినప్పప్పు ఎంత ఊగాయి? ఊగేవన్నీ మన దేశం బయటి నుంచి కొని తెచ్చుకునేవే.

వంటనూనెలో మనం వాడేదాంట్లో సగానికి పైగా దిగుమతే. ఏటా సుమారు 160 లక్షల టన్నులు. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సోయా నూనె అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైతే వారం తిరిగేసరికి మన కిరాణా కొట్లో సన్‌ఫ్లవర్ ప్యాకెట్ ధర ఎగిరింది. ఆ ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మే 23న మళ్లీ తెరిచింది. ఆ మూడు వారాల్లో ఇక్కడ బజ్జీల బండి పెట్టుకున్నవాళ్లు పడ్డ పాట్లు నాకు బాగా గుర్తు. పప్పుల సంగతీ అంతే. 2024–25లో పప్పుల దిగుమతి 65 లక్షల టన్నులు దాటింది. కంది మొజాంబిక్, టాంజానియా, మయన్మార్ నుంచి, పసుపు బఠానీ కెనడా, రష్యాల నుంచి. తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న రాష్ట్రంలో కూర్చుని మనం ఆఫ్రికా కంది తింటున్నాం.

అదే 2024–25లో దేశంలో బియ్యం ఉత్పత్తి 15 కోట్ల టన్నుల దాకా చేరింది. అందులో సుమారు 2 కోట్ల టన్నులు ఎగుమతి చేశాం. ప్రపంచ మార్కెట్‌లో అమ్ముడయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే. గోదాముల్లో చోటు చాలక ఎఫ్‌సీఐ బియ్యాన్ని ఇథనాల్ ఫ్యాక్టరీలకు కూడా ఇస్తున్నారు. కాబట్టి మీ నాన్నగారు, మీ ఊరు, మీ మండలం కలిసి యాసంగి వరిలో కొంత తగ్గించినా దేశం పస్తుండదు. ఈ భయం మాత్రం మనసులోంచి తీసేయండి.

అలాగని ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే అది ఊరికే పుట్టలేదు. 1965, 1966 వరుసగా కరువు వచ్చినప్పుడు నాకు ఎనిమిది తొమ్మిదేళ్లు. బడిలో అమెరికా గోధుమనూకతో ఉప్మా, పాలపొడి కలిపిన పాలు. గిన్నె పట్టుకుని లైన్లో నిలబడేవాళ్లం. అమెరికా ఆహార సాయం పీఎల్ 480 ఒప్పందం కింద ఓడ వస్తేనే రేషన్ షాపు తెరిచే రోజులవి. సోమవారం రాత్రి భోజనం మానమని లాల్ బహదూర్ శాస్త్రి గారు అడిగితే మా అమ్మ నిజంగానే మానేసింది. తర్వాత ఎక్కువ దిగుబడినిచ్చే ఐఆర్8 వరి వచ్చింది. మా పశ్చిమ గోదావరిలో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లో ఆ రకం వేసి చూపించి చుట్టుపక్కల రైతులను నమ్మించారు. 1982లో మార్టేరు నుంచి స్వర్ణ, 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాయి. మన ఇళ్లలో అన్నం కుండ నిండింది ఇలా. అందుకే వరిని తప్పుపట్టే మాట వింటే మా తరం వాళ్లకు మనసు చివుక్కుమంటుంది. వరి మీద కోపం తెచ్చుకోవాల్సిన పనేమీ లేదు.

నూనె విషయంలో మనకు చేతకాక ఇలా అయిందనుకుంటే పొరపాటు. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టారు. ఏడెనిమిదేళ్లలో నూనెగింజల ఉత్పత్తి దాదాపు రెట్టింపైంది. 1993–94 నాటికి దిగుమతి నామమాత్రం. నేను కదిరిలో చేరింది ఆ రోజుల్లోనే. జూలైలో నాలుగు చినుకులు పడితే అనంతపురం జిల్లా అంతా ఎర్రనేల మీద వేరుశనగ పచ్చదనమే. 1994 తర్వాత పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచారు, సుంకం ఏడాదికింత తగ్గిస్తూ 1998 నాటికి 15 శాతానికి తెచ్చారు. పట్నంలో నూనె చవకైంది. అనంతపురంలో మిల్లు దగ్గర కాయ ధర పడిపోయింది. వరుసగా వచ్చిన కరువులు కూడా తోడై ఆ నేల ఇంకా కోలుకోలేదు. మనవాళ్లు పండించగలరని ఆ ఏడేళ్లే రుజువు చేశాయి. పండించినదానికి ధర నిలబెట్టలేకపోయాం, అంతే.

ఇక మీథేన్. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, నాటు వేసి నెల దాటిన మడిలో దిగి నెమ్మదిగా అడుగు వేయండి. కాలి చుట్టూ బుడబుడమని బుడగలు పైకి లేస్తాయి. వాటిలో మీథేన్ ఉంటుంది. మడిలో నీరు నిలిచి ఉంటే మట్టిలోకి గాలి పోదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డిని, వేర్లను తిని మీథేన్ వదులుతాయి. బుడగల ద్వారా పోయేది కొంతే. చాలా వరకు వరి మొక్క కాండంలో ఉండే గాలి గొట్టాల గుండానే పైకి వస్తుంది, మొక్కే పొగగొట్టంలా పనిచేస్తుంది. మీథేన్ గాలిలో ఉండేది పన్నెండేళ్ల లోపే. కానీ వందేళ్ల లెక్కన చూస్తే కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం.

మన దేశం ఐక్యరాజ్యసమితికి పంపే లెక్కల్లో, సీజన్ అంతా నీరు నిలబెట్టిన మాగాణి హెక్టారుకు 162 కిలోల మీథేన్ వదులుతుందని వేసుకుంటారు. మధ్యలో ఒకసారి మడి ఆరనిస్తే 66 కిలోలు, పలుమార్లు ఆరనిస్తే 18 కిలోలు. ఎకరాల్లోకి మార్చితే 66 కిలోలు, 27 కిలోలు, 7 కిలోలు. ఎకరాకు 66 కిలోలంటే సుమారు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, బండిలో 780 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. ఎకరాకు 66, 27, 7, ఈ మూడు అంకెలూ మీరు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. ఒకే నేల, ఒకే వరి. నిలిచిన నీరు తీసి మడిని ఆరనివ్వడం వల్లనే అంత తేడా.

ఒక మాట కూడా చెప్పాలి, లేకపోతే రైతుకు అన్యాయం చేసినట్టే. మన దేశం వదిలే మొత్తం ఉద్గారాల్లో వ్యవసాయం వాటా సుమారు 14 శాతం. అందులో సగానికి పైగా గేదెలు, ఆవుల నెమరు నుంచి వచ్చేదే. వరి వాటా 17, 18 శాతం. అంటే దేశం మొత్తంలో వరిది నూటికి రెండున్నర పాళ్లు. వ్యవసాయం పోను మిగతాది ఎక్కువగా కరెంటు, బొగ్గు, సిమెంటు, ఉక్కు, బండ్లు. ఏసీ గదిలో కూర్చుని వరి రైతును దోషిగా నిలబెట్టడం తప్పు. గేదెల గురించి ఇక్కడ విస్తరించను. ఒట్టి ఎండుగడ్డి బదులు పచ్చిమేత, దాణా సరిపాళ్లలో పెడితే లీటరు పాలకు వచ్చే మీథేన్ తగ్గుతుంది, పాలూ పెరుగుతాయి, అంతవరకు చాలు.

మడి ఆరనిచ్చే పద్ధతిని మేం తడి–పొడి అంటాం, కొందరు ఆరుతడి వరి అంటారు. పొలాసలో ఉన్నప్పుడు ఒక ఊళ్లో దీన్ని చూపించడానికి వెళ్లాం. నాలుగంగుళాల పీవీసీ పైపును అడుగు పొడవున కోసి, కింది సగానికి చుట్టూ రంధ్రాలు వేసి, ఆ సగం మట్టిలోకి దిగేలా గట్టుకు దగ్గరగా పాతాం. లోపలి బురదంతా చేత్తో తోడేశాం. నాలుగో రోజుకు మడిలో పైన నీరు లేదు, సన్న నెర్రె కూడా మొదలైంది. ఆ పెద్దాయన మోటారు వేయడానికి లేచాడు. ఆయన్ను ఆపి పైపులోకి చూడమన్నాను. వంగి చూశాడు. నేల మట్టానికి నాలుగు వేళ్ల కింద నీళ్లు మెరుస్తున్నాయి. చేయి పెట్టి తడిపి చూసుకున్నాడు. "పైన లేవు గానీ అడుగున ఉన్నయి సార్" అన్నాడు. నేను గంటసేపు ఇచ్చిన ఉపన్యాసం చేయలేని పని ఆ పైపు చేసింది. వేరు ఉన్నచోట నీరుంది, మొక్కకు లోటు లేదు. నీరు నేల మట్టానికి జానెడులోపు, అంటే 15 సెంటీమీటర్ల దాకా దిగాక మళ్లీ రెండంగుళాలు పెడితే సరిపోతుంది. ఆ యాసంగిలో ఆయన మోటారు నడిపిన గంటలు పక్క పొలంవాళ్లు నడిపినదాంట్లో మూడింట రెండు వంతులే. దిగుబడి తగ్గలేదు.

దీనికి కొన్ని షరతులున్నాయి. నాటు వేసిన మొదటి రెండు వారాలు నీరు ఉంచాలి, లేకపోతే కలుపు పైకి వస్తుంది. తర్వాత చిరుపొట్ట దశ దాకా ఆరబెట్టుకోవచ్చు. పొట్ట దశ నుంచి పూత అయ్యేదాకా రెండంగుళాల నీరు తగ్గనివ్వొద్దు, అప్పుడు నీరు తగ్గితే తాలు ఎక్కువవుతుంది. యూరియాను బురద పదునులో చల్లి, ఒకటి రెండు రోజులాగి నీరు పెట్టాలి. ఇది ముఖ్యం. ఆరిన నేలలో యూరియా వేసి తడుపుతుంటే నైట్రస్ ఆక్సైడ్ అనే ఇంకో వాయువు పోతుంది, అది కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లు బలమైనది. మీథేన్ తగ్గించి దాన్ని పెంచుకుంటే లాభం లేదు, పైగా పోయేది మీరు కొన్న నత్రజనే. చౌడు నేలల్లో మాత్రం ఈ పద్ధతి వద్దు, ఆరితే ఉప్పు పైకి తేలుతుంది.

బోరు కింద ఇది సులువు, స్విచ్ రైతు చేతిలో ఉంటుంది. మా గోదావరి డెల్టాలో కష్టం. అక్కడ నీళ్లు మడి నుంచి మడికి పారతాయి. పైవాడు ఆరబెడితే కిందివాడి మడి ఎండుతుంది. దాళ్వాలో, అంటే రబీలో, తూము కింద ఉన్న ఆయకట్టంతా ఒకేసారి ఆరబెట్టేలా కాలువకు వారబందీ, అంటే వంతులవారీ నీటి విడుదల పెట్టాలి. శ్రీరాంసాగర్ కింద ఆన్ అండ్ ఆఫ్ పద్ధతిలో కొన్నాళ్లు వదిలి, కొన్నాళ్లు ఆపి నీళ్లిస్తున్నారు కదా, అదే అదను చూసుకుని మడి ఆరనిస్తే మీథేన్ దానంతటదే తగ్గుతుంది. డెల్టా రైతుకు వ్యక్తిగతంగా చెప్పి ప్రయోజనం లేదు, ఇది ఇరిగేషన్ శాఖ, నీటి సంఘాలు కలిసి చేయాల్సిన పని.

మరి నూనెగింజలు, పప్పులకు రైతు ఎందుకు మారడు? ఈ ప్రశ్నకు పట్నంలో చాలామంది "అవగాహన లేక" అంటారు. నాకు ఆ మాట వింటే బాధ. రైతుకు ఉన్నంత లెక్క ఇంకెవరికీ లేదు. వరికి దుక్కి నుంచి కోత దాకా మిషన్లున్నాయి. కోసిన వడ్లు నేరుగా ఐకేపీ కేంద్రానికి, అంటే మహిళా సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రానికి పోతాయి. తేమ 17 శాతం లోపుంటే ప్రభుత్వం కొంటుంది. తరుగు పేరుతో కోత పెట్టినా, పది రోజులు ఆలస్యమైనా డబ్బు ఖాతాలో పడుతుందని నమ్మకం ఉంది. వేరుశనగ వేస్తే పీకడానికి, కాయ కోయడానికి కూలీలు దొరకరు. అడవి పందులు రాత్రి వస్తాయి, కోతులు పగలు వస్తాయి. ఉత్తర తెలంగాణలో పల్లి, మొక్కజొన్న, కూరగాయలు మానేసి వరికి వచ్చిన కుటుంబాలను అడగండి, సగం మంది కోతుల పేరే చెబుతారు. కోతి పెద్దగా ముట్టని పంట వరి. దీన్ని పట్టించుకోకుండా పంట మార్పిడి గురించి ఎన్ని సభలు పెట్టినా దండగే.

ధర సంగతి నా మనసులో ఒక ముల్లులా ఉండిపోయింది. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. ఆ మరుసటి వానాకాలం మేం ఊరూరా తిరిగి కంది వేయమని చెప్పాం. నేను స్వయంగా చెప్పిన ఊళ్లున్నాయి. వానలు బాగా పడ్డాయి, దేశమంతా విరగపండింది, దిగుమతులూ ఆగలేదు. 2016–17కు మద్దతు ధర బోనస్‌తో కలిపి క్వింటాలుకు 5,050 రూపాయలు. మార్కెట్ యార్డులో పలికింది నాలుగు వేల లోపు. కొనుగోలు కేంద్రం ముందు బస్తాల మీద మూడు రాత్రులు పడుకున్న ఒక కౌలు రైతు నన్ను చూసి ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే బాగుండేదనిపించింది. ఆ తర్వాత ఎవరికైనా పంట మార్చమని చెప్పేముందు, దాన్ని ఎవరు కొంటారో, ఎంతకు కొంటారో తేల్చుకోకుండా నోరు తెరవలేదు.

ఇప్పుడు మీ పచారీ బిల్లుకు, ఆ రైతు బస్తాకు ఉన్న లంకె చూడండి. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెల మీద ప్రాథమిక సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. నూనెగింజల రైతుకు ఊరట, మీకు ప్యాకెట్ ధర పెరిగింది. 2025 మే చివర్లో దాన్ని 10 శాతానికి దించింది. మీకు ఊరట, రైతుకు ధర తగ్గింది. ఆయిల్‌పామ్ గెలల ధర కూడా అంతర్జాతీయ ధరతో పాటే ఊగుతుంది కాబట్టి అశ్వారావుపేట, పెదవేగి వైపు రైతులకూ అదే దెబ్బ. నాలుగేళ్లు పెంచి, ఆ తర్వాత పాతికేళ్లు కోసుకోవాల్సిన తోట పెట్టిన మనిషికి ఎనిమిది నెలలకోసారి మారే సుంకం చూపిస్తే ఎలా నమ్ముతాడు? నా అభిప్రాయం నిక్కచ్చిగా చెబుతున్నా: పట్నం ధరలు తగ్గించడానికి రైతు ధరను తగ్గించడం ఆపాలి. బీదవాళ్లకు బియ్యం ఇచ్చినట్టే పప్పు, నూనె రేషన్‌లో ఇవ్వాలి, అవి మద్దతు ధరకు ఇక్కడే కొనాలి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టినప్పటి నుంచి ప్రభుత్వ కొనుగోలు, రేషన్ షాపు కలిసి వరిని ఎలా నిలబెట్టాయో మనం చూశాం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ ఇచ్చారు. రైతులు ఒక్క సీజన్‌లో సన్నాల వైపు తిరిగారు. ధర, కొనుగోలు ఖాయమైతే రైతు ఎంత వేగంగా మారతాడో ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి? 2025 అక్టోబరులో పప్పుల స్వయంసమృద్ధికి కేంద్రం 11,440 కోట్లతో మిషన్ ప్రకటించింది. కంది, మినుము, మసూర్ కొంటామంది. ఆ కొనుగోలు మీ ఊరి కేంద్రం దాకా వస్తేనే దానికి అర్థం.

మా వైపు ఒక మంచి పద్ధతి చేజారిపోతోంది, దాని గురించి రెండు మాటలు. కృష్ణా డెల్టాలో సార్వా (ఖరీఫ్) వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలిచి ఉన్న చేలోనే మినుము చల్లేవారు. దుక్కి లేదు, నీళ్లు లేవు, ఎరువు లేదు. నేలలో మిగిలిన తేమతో, మంచుతో పంట వచ్చేది. మన ఇడ్లీ, గారె, మినప సున్ని ఆ పొలాల చలవే. ఉద్గారాలు దాదాపు లేని పప్పు పంట ఇంకోటి చూపించమంటే నేను చూపించలేను. పల్లాకు తెగులు, బంగారు తీగ కలుపు పట్టి పీడించడంతో చాలామంది మినుము వదిలి దున్నని మొక్కజొన్నకు మారారు. దానికి బస్తాల కొద్దీ యూరియా కావాలి. వరి కోత మిషన్ చక్రాల కింద మినుము మొలక నలగడం కూడా ఒక కారణం. తెగులు తట్టుకునే రకాల మీద గుంటూరు దగ్గర లాం పరిశోధన కేంద్రంలో పని జరుగుతోంది. ఆ పనికి ఇచ్చే ప్రతి రూపాయీ పప్పుకూ, వాతావరణానికీ రెండింటికీ చెందుతుంది.

యూరియా మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. బియ్యంలో మనం స్వయంసమృద్ధులమని అంటున్నాం గానీ, ఆ బియ్యం వెనక ఉన్న యూరియా తయారయ్యేది సహజవాయువుతో, అందులో పెద్ద భాగం దిగుమతి. పొటాష్ దాదాపు అంతా దిగుమతే. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తుంది, మిగతా భారం ఖజానా మోస్తుంది. 2025 ఆగస్టులో తెలంగాణలో సొసైటీల ముందు చెప్పులు లైన్లో పెట్టి రైతులు యూరియా కోసం ఎదురుచూశారు. ఓడ ఆలస్యమైతే ఏమవుతుందో 1966లో గోధుమల కోసం చూశాం, ఇప్పుడు ఎరువు కోసం చూస్తున్నాం. పప్పుజాతి పంట ఒకటి మధ్యలో వస్తే వేళ్ల బొడిపెల్లో నత్రజని చేరుతుంది, తర్వాతి వరికి ఆ మేరకు యూరియా తగ్గుతుంది.

అలాగని ఒక్కరోజులో ఎరువు మానేయమని చెప్పే సలహా కూడా వినొద్దు. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసింది. ఆరేడు నెలల్లో వెనక్కి తీసుకుంది గానీ, అప్పటికే వరి దిగుబడి పడిపోయి, బియ్యంలో తనకు తాను చాలిన దేశం బియ్యం కొనుక్కోవాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని ఊరూరా, మహిళా సంఘాల ద్వారా, ఏళ్ల తరబడి మెల్లగా తీసుకెళ్తోంది. దానికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి కూడా వచ్చింది. నేను మెచ్చుకునేది ఆ నెమ్మదిని. వానకు ముందే పొడి దుక్కిలో రకరకాల విత్తనాలు చల్లి నేలను కప్పి ఉంచే వాళ్ల పద్ధతి మీ నాన్నగారు ఒక మూల ప్రయత్నించి చూడొచ్చు.

ఇక నాన్నగారికి చెప్పాల్సింది. ముందుగా, మీథేన్ పేరుతో మాట మొదలుపెట్టకండి. "మార్చి చివర్లో బోరు తగ్గి ఏ మడి ఎండుతోంది నాన్నా?" అని అడగండి. బోరు కింద నాలుగెకరాల యాసంగి వరి అంటే చివర్లో ఒక మడి ఎండడం మామూలే. ఆ మడి గురించి ఆయనకు మీకంటే ఎక్కువ బెంగ ఉంటుంది.

ఆ చివరి ఎకరం మెరకగా ఉండి, నీరు నిలవని నేలైతే నువ్వులు వేయమనండి. మీ ప్రాంతంలో జనవరి రెండో పక్షం నుంచి ఫిబ్రవరి మొదటి పక్షం దాకా విత్తుకోవచ్చు. పొలాసలో వచ్చిన జేసీఎస్ 1020 రకం ఉంది. నాలుగైదు తడులు చాలు, కోతులు దీన్ని పెద్దగా ముట్టవు. లెక్క కూడా చూపించండి. 2025–26 మద్దతు ధర ప్రకారం ఏ గ్రేడు వడ్లు క్వింటాలు 2,389. ఎకరాకు 25 క్వింటాళ్లు పండితే దాదాపు 60 వేలు, అందులో సగానికి పైగా నాటు, ఎరువు, మందులు, కోత కిందే పోతుంది. నువ్వులు క్వింటాలు 9,846. ఎకరాకు మూడున్నర క్వింటాళ్లొస్తే 34 వేలు, పెట్టుబడి వరిలో సగం కూడా కాదు. వరికంటే కొంచెం తక్కువ మిగలొచ్చు, కానీ ఎండిపోయే మడి కంటే చాలా నయం, పైగా మిగతా మూడెకరాలకు నీళ్లు నిలుస్తాయి. అది ఊట దిగే నేలైతే మాత్రం ఆయన్ను బలవంతం చేయకండి, అక్కడ వరి తప్ప ఇంకోటి రాదు.

మిగతా మూడెకరాల్లో పైపులు పెట్టండి, ఎకరాకు ఒకటి. మొదటి ఏడాది మూడింటిలోనూ అక్కర్లేదు, ఇంటికి దగ్గరున్న ఒక్క మడిలో చేసి పక్క మడితో పోల్చుకోనివ్వండి. ఆటో స్టార్టర్ ఉంటే ఆ మడి వరకు తీసేయాలి, అది ఉన్నంతకాలం కరెంటు వచ్చినప్పుడల్లా నీళ్లు పారుతూనే ఉంటాయి. కోశాక గడ్డి తగలబెట్టకుండా, పచ్చిగా దమ్ములో కలపకుండా, బేలర్‌తో కట్టలు కట్టించి పశువులకు ఇస్తే మంచిది. పచ్చిగడ్డి నీళ్లలో కుళ్లితే మీథేన్ ఎక్కువవుతుంది.

కార్బన్ క్రెడిట్లు, అంటే ఉద్గారాలు తగ్గించినందుకు డబ్బు, ఇప్పిస్తామంటూ కంపెనీల ఏజెంట్లు ఊళ్లలో తిరుగుతున్నారు. సంతకం పెట్టేముందు ఒప్పందం తెలుగులో ఇమ్మనండి. ఎన్నేళ్లకు కట్టుబడాలి, వచ్చే డబ్బులో రైతుకెంత, కౌలుదారు చేస్తే ఎవరికి పోతుంది, మధ్యలో మానుకుంటే ఏమవుతుంది, ఈ నాలుగూ రాసి ఉంటేనే ముందుకెళ్లండి. ఆ డబ్బు వస్తుందనే ఆశతో మాత్రం పద్ధతి మార్చవద్దు.

పైపు ముక్కలు హార్డ్‌వేర్ షాపులో మిగిలిన తుక్కులోనే దొరుకుతాయి. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు కోయించుకుని, రంధ్రాలు వేయించుకుని తీసుకెళ్లండి. నాటు వేసిన పదిహేనో రోజు మీరే మడిలో దిగి పాతండి. తర్వాత రోజూ ఫోన్లో నాన్నగారిని పైపులో నీళ్లు ఎన్ని వేళ్ల కిందున్నాయో అడిగి, తేదీతో సహా ఒక పుస్తకంలో రాసుకోండి. ఏప్రిల్‌లో ఆ పుస్తకంలోని అంకెలు ఇక్కడ పెడితే, వానాకాలానికి ఏం చేయాలో నాన్నగారిని కూడా కలుపుకుని మాట్లాడుకుందాం.